వాగులో ఒక రాయి

తెల్లవారేసరికి మైనస్ పద్దెనిమిది.
ట్రక్కు తలుపు తెరిస్తే రబ్బరు కీచుమంది.
మంచుచెప్పులు తగిలించుకున్నాను,
చేటలంతేసి, వెనక తోక ఈడ్చేవి,
అరవై ఆరేళ్ళ మనిషిని బాతును చేసేవి.

మొదటి మలుపు దగ్గరే కనిపించింది,
నాకంటే ముందు ఎవరో నడిచిన జాడ.
రాత్రి కురిసింది అందులో అంగుళం మందాన నిండింది.
అంటే నిన్నటిది.
ఎడమ అడుగుల పక్కన ఒక గీత,
పెన్సిలు జారినట్టు.
ఎవరో ఎందుకవుతారు.
తొమ్మిదో ఏట మా ఎర్రగుర్రం తన్నిన కాలు అది.
ఆర్లిస్. నా తమ్ముడు.

పదకొండు చలికాలాలు మేం మాట్లాడుకుని.
మేత దుకాణంలో ఎదురైతే
వాడు మేకుల డబ్బాల వైపు తిరుగుతాడు,
నేను ఉప్పుదిమ్మల ధరలు చదువుతాను.
అమ్మ పోయాక పచ్చికబయలు అమ్మే కాగితం మీద
ముందు నేను సంతకం పెట్టాను.
అంతే సంగతి.
అంతే అని నేనంటాను. వాడేమంటాడో అడగలేదు.

పక్కన తొక్కని మంచు మోకాలి లోతు.
నా దారి నేను చేసుకోవచ్చు.
పంతం ఉంది, ఊపిరే లేదు.
వాడి అడుగులో అడుగు వేశాను.
వాడి అంగ నాకు పొడుగు.
చిన్నప్పుడు ఆగక్కా, ఆగక్కా అంటూ
నా వెనక పరిగెత్తిన వాడే.

పైన్ చెట్ల మధ్య చప్పుడు లేదు
నా చెప్పుల కరకర తప్ప.
ఏదో కొమ్మ బరువు దించుకుంది,
పొడిమంచు మెడలోంచి వీపులోకి.
తిట్టాను. ఎవరినని చెప్పను.

రెండు మైళ్ళకు ముందు వాసన,
ఉడికిన గుడ్డుదీ, ఆర్పిన అగ్గిపుల్లదీ.
తర్వాత ఆవిరి.
ఆవిరి తాకిన కొమ్మలన్నీ తెల్ల ఈకలు తొడుక్కున్నాయి.
ఒడ్డున మాత్రం నాచు
ఫిబ్రవరిలో, సిగ్గులేనంత పచ్చగా.
ఎల్క్‌లు రాత్రి పడుకున్నచోట మంచు కరిగి
గిన్నెలు గిన్నెలుగా ఉంది.
బూడిదరంగు నీటిపిట్ట ఒకటి
రాయి మీద గుంజీలు తీస్తోంది,
ఏం తప్పు చేసిందో.

ఈ వాగుకి రెండు పుట్టుకలు.
కొండ చీలికలోంచి చెయ్యి కాలే నీళ్ళు,
పైనుంచి పళ్ళు జివ్వుమనే నీళ్ళు.
కలిసేచోట రాళ్ళు పేర్చిన మడుగు.
ఒక్క రాయి తీస్తే ఒక నీరు, మూస్తే ఇంకొకటి.
వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు,
ఎంత తోడో మాత్రం చెప్పరు.
నాన్న మోచెయ్యి ముంచి చూసేవాడు.
ఆర్లిస్‌కి ఒళ్ళు ఎర్రబడాలి.
నాకు గోరువెచ్చన చాలు.
పచ్చికబయలు కంటే ముందు
దీనికోసమే కొట్టుకునేవాళ్ళం.

బట్టలు కొమ్మకు తగిలించి, గెంతుతూ వెళ్ళి దిగాను.

గోరువెచ్చన.

చన్నీళ్ళ వైపు రాయి ఒకటి
తీసి ఒడ్డున పెట్టి ఉంది.
పక్కన నారింజరంగు తాడు ముక్క,
గడ్డిమోపులు కట్టేది.
చెప్పుల పట్టీ తెగితే వాడు కొత్తది కొనడు.

నేను గురువారాలు వస్తానని ఊళ్ళో అందరికీ తెలుసు.
లేదంటే వాడికీ వయసు మీదపడి
డాక్టరు వేడి వద్దన్నాడేమో.
నీళ్ళలో కూర్చుని నీళ్ళు నమిలాను.
తల తిప్పితే గడ్డకట్టిన జుట్టు
గాజుల్లా గలగలమంది.
పిట్ట మునిగింది, తేలింది, మళ్ళీ గుంజీలు.

బయటికొచ్చి, చొక్కా సగం తొడుక్కుని
అలాగే వంగి ఆ రాయి ఎత్తి
సందులో తిరిగి కూర్చోబెట్టాను.
చన్నీళ్ళు ఆగాయి. మడుగు మీద పొగ చిక్కబడింది.
వాడు మళ్ళీ ఏ రోజు వస్తాడో నాకు తెలియదు.
తాడు ముక్క జేబులో వేసుకున్నాను, ఎందుకో.

రాయి ఎంత బరువో అప్పుడు తెలియలేదు.
ఇంటికొచ్చాక నడుం చెప్పింది.